ఈ గదిలో ఎవరైనా పడుకుంటారా

దులూత్ నగరపాలక కార్యాలయం, రెండో అంతస్తు,
మూడో కౌంటర్ నాది.
కంచెలు, కప్పులు, వరండాలు, పొగగొట్టాలు
కాగితాలై నా ముందుకొస్తాయి.
పదహారేళ్లుగా గుమ్మం తొక్కకుండానే
ఊళ్లో ఇళ్లన్నీ చూస్తున్నాను.

ఏప్రిల్ మొదటి వారం.
సరస్సు మీద మంచు ఇంకా కదల్లేదు.
ఆర్వో నీమెలా వచ్చాడు, వెనకే ఐలి.
ఖనిజం ఓడలకు ముప్పై ఏళ్లు తాళ్లు విసిరిన చేతులతో
పాత క్యాలెండర్ కాగితం పరిచాడు.
వెనకవైపు పెన్సిల్‌తో గీసిన ఇల్లు, ఆరు కిటికీలు,
కుట్టుపని టేపుతో తీసిన కొలతలు.

"తాళ్లు తెగి బరువులు గోడలోకి జారిపోయాయి.
గాలొస్తే లోపలెవరో తడుతున్నట్టు టకటకా చప్పుడు.
చలికాలం ప్లాస్టిక్ తొడుగు అంటించి
హెయిర్ డ్రయ్యర్‌తో బిగిస్తాం.
అయినా నవంబరు గాలి పొయ్యి దాకా వచ్చి
కాఫీ ఉందా అంటుంది."

నవ్వాను. ఫారం తిప్పాను.
ఒకటి వంటిల్లు. రెండూ మూడూ ముందు గది.
నాలుగు మెట్ల మలుపు. ఐదు పెద్ద పడకగది.
ఆరు?
పైన, తూర్పు మూల.
ఇల్లు కట్టిననాటి రికార్డులో సామాన్ల గది.
"ఈ గదిలో ఎవరైనా పడుకుంటారా?"

రోజుకు పదిసార్లు అడిగే ప్రశ్న.
కూరలో ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా అడుగుతాను.

"లేదు" అన్నాడు ఆర్వో.
"ఔను" అంది ఐలి.

ప్రింటర్ కూడా ఆగినట్టనిపించింది.

"అప్పుడప్పుడూ" అన్నాడాయన, నాతో.
"పదకొండేళ్లు" అందామె, ఫారంతో.
"నా గురక వల్ల."
"మొదట్లో."

నేను నిబంధన వెనక దాక్కున్నాను.
ఒక్కోసారి అది పనికొచ్చేది అందుకే.
సామాన్ల గదైతే ఉన్న చట్రంలోనే కొత్త అద్దం,
నాలుగు వందల డాలర్లు, సాయంత్రానికి అయిపోతుంది.
మనిషి నిద్రపోయే గదైతే
ఆ మనిషి కిటికీలోంచి బయటపడగలగాలి,
వీపున గాలి సిలిండరుతో ఫైర్‌మన్ లోపలికి దూరగలగాలి.
వెడల్పు ఇరవై అంగుళాలకు తగ్గకూడదు,
దిగువ అంచు నేల నుంచి నలభై నాలుగు దాటకూడదు.
అంటే గోడ కొయ్యాలి. పై దూలం మార్చాలి.
అంటే మూడు వేలు.
పన్నుల వాళ్లు పడకగది ఒకటి ఎక్కువ లెక్కేసినా వేస్తారు.

ఆర్వో కౌంటర్ మీదికి వంగాడు.
"సామాన్లనే రాయమ్మా. ఎవరు చూడొచ్చారు?"

ఐలి కళ్లజోడు తీసి తుడుచుకుంది.
"కుట్టుమిషను సామాను. మీ అమ్మ పెట్టె సామాను.
నేను సామాను కాదు, ఆర్వో."

గొంతు పెంచలేదు.
వెనక, వరండా పర్మిట్ కోసం నిలబడ్డ కుర్రాడు
తన బూట్లను చాలా శ్రద్ధగా చదువుకుంటున్నాడు.

ఆర్వో పెన్ను తీసుకున్నాడు. పెట్టేశాడు. మళ్లీ తీసుకున్నాడు.
ఆరో వరుసలో పెద్ద పెద్ద అక్షరాలతో
పడకగది అని రాసి,
"నిప్పంటుకుంటే నిజంగా ఇందులోంచి దూకుతావా?" అన్నాడు.
"నువ్వు కింద నిలబడితే ఆలోచిస్తా."

రుసుము, రసీదు, ముద్ర.

ఆ మధ్యాహ్నం మా ఇంటి ఫైలు తీశాను, తీయకూడదు గానీ.
పడకగదులు మూడు అని ఉంది.
ఒకదాంట్లో సైకిలు. ఒకదాంట్లో టమాటా నారు.
మూడోదాంట్లో మంచం ఉంది, దుప్పటి మడత విప్పి చాలా కాలమైంది.
నేను పడుకునేది టీవీ ముందు సోఫాలో.
ఆ కిటికీ పెయింటుకు అతుక్కుపోయి ఎన్నేళ్లో.

పర్మిట్ కార్డు వీధిలోకి కనబడాలి, అది నియమం.
జూన్ దాకా నీమెలా వాళ్ల ముందు అద్దానికి ఉండిపోయింది.
ఉత్తరాలు పంచే మనిషీ, కుక్కల్ని తిప్పే పొరుగువాళ్లూ చదివారు.
కిటికీలు ఆరు. పడకగదులు రెండు.

తనిఖీ చేసొచ్చిన రస్కొవిచ్
ఫైలు నా బల్ల మీద పడేసి "పాస్" అన్నాడు.
"ఇరవై రెండున్నర అంగుళాలు.
నా టేపు మీద నమ్మకం లేక ముసలాయన తనే దూరి చూశాడు.
సగంలో ఇరుక్కున్నాడు.
లాగాలో తోయాలో తెలీక
ఆవిడ నవ్వుతూ నిలబడిపోయింది."

ఇరుక్కున్నది బయటికి పోతూనా,
ఆమె గదిలోకి వస్తూనా?
అడుగుదామనుకున్నాను.
ఫారంలో ఆ గడి లేదు.